ఒకేసారి విప్పిన గుడిసెలు

మొన్న మా వీధిలో ఒక పాత పెంకుటిల్లు పడగొట్టారు. జేసీబీ వచ్చి గంట తిరక్కుండానే నేలమట్టం చేసేసింది. ఇంటివాళ్లు ఎదురుగా కిరాయికి తీసుకున్న వాటాలో నిలబడి టీ తాగుతూ సెల్‌ఫోన్లో వీడియో తీసుకుంటున్నారు. నాకు మాత్రం అక్కడ నిలబడబుద్ధి కాక, పాలప్యాకెట్ కొనడం కూడా మరిచి ఇంటికి వచ్చేశాను. ఇల్లు విప్పేముందు తలదాచుకునే చోటు చూసుకోవాలన్న ఆ పాటి ఇంగితం, ఇళ్ల కోసమే పనిచేసిన మాకు ఒక ఏడాది లేకపోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను టేకులపల్లి దగ్గర ఒక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. అడవి గూడేలవాళ్లకు పక్కా ఇళ్లు ఇప్పించమని ఆఫీసుల చుట్టూ తిరగడమే మా ఉద్యోగం. మీలో అలాంటి కొలువులు చేసినవాళ్లకు తెలిసే ఉంటుంది, జీతం ఎప్పుడొస్తుందో తెలియకపోయినా లోకాన్ని మేమే మోస్తున్నామన్న ధీమాకు మాత్రం లోటుండేది కాదు. మా పెద్దదిక్కు మణుగూరు కాలనీ నుంచి వచ్చిన అక్క. ప్రార్థన చేయనిదే జీపు ఎక్కేది కాదు, ఎక్కాక మమ్మల్ని ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. ఆమె వెనక మేస్త్రి పని మానుకుని మాతో చేరిన బాబాయి, నేను.

అధికారులు కొలతలకు వచ్చినప్పుడు జాగా ఖాళీగా కనిపించకపోతే, వీళ్లింకా తయారుగా లేరని మరో ఊరికి వెళ్లిపోయేవారు. అందుకని గుడిసె ముందే విప్పించడం మా పద్ధతి. ఇంటివాళ్ల ధైర్యానికి కప్పు మీది మొదటి గడ్డిమోపు మా చేతులతోనే దించేవాళ్లం. ఒక్కో గుడిసే విప్పేవాళ్లం కనుక వాళ్లు పక్కింట్లో ఎలాగో సర్దుకునేవారు. ఆ ఎండాకాలం మాత్రం ఒక గూడెం మొత్తానికి ఇళ్లు వస్తున్నాయని కబురు అందేసరికి మా కాళ్లు నేల మీద ఆగలేదు. వరుసంతా ఒకేసారి విప్పిద్దామంది అక్క. అలా చేస్తే పక్కిల్లంటూ ఒకటి మిగలదని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

తట్టింది ఆ వరుస చివరి గుడిసెలోని ముసలమ్మకే. ఆమె పెనిమిటి మంచం పట్టి ఉన్నాడు.

"ముసలోనికి దగ్గు బిడ్డా, వానలు జల్ది వస్తే ఏడ పండవెట్టాలె?" అని అడిగింది.

"వానల్లోపు స్లాబే పడ్తది పెద్దమ్మా, నాది పూచీ," అంది అక్క.

ఆ పూచీ నమ్మి ముసలమ్మ తలూపింది. ఆ ఇంటి మొదటి మోపు నేనే దించాను, చప్పట్లు కూడా కొట్టాం.

రావలసిన అధికారికి బదిలీ అయింది. కొత్తాయన వచ్చేలోపే వానలు వచ్చాయి. కొందరు చుట్టాల ఊళ్లకు పోయారు, కొందరు టార్పాలిన్ కింద ముడుచుకున్నారు. ఆ తడిలో ముసలాయన దగ్గు ముదిరితే భార్యాభర్తలిద్దరినీ మా ఆఫీసు గదికి తెచ్చుకున్నాం. దవాఖానాకు తీసుకుపోయాం, డాక్టరు ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయన్నాడు. ఆ మాట మాకు ఊరట కావలసింది, కాలేదు. మా బల్లలు పక్కకు జరిపి వేసిన నులక మంచం మీదనే ఆయన కన్నుమూశాడు. ఏడుస్తున్న అక్కను ముసలమ్మే దగ్గరికి తీసుకుని, "మీ ఇంట్ల పొడిగ పోయిండు బిడ్డా, తడువలే," అంది. ఓదార్చవలసినవాళ్లం ఓదార్పు పొందుతూ కూర్చున్నాం, అంతకంటే సిగ్గు నేను మళ్లీ ఎరగను.

ఆ తర్వాత అక్క తిండీ నిద్రా మానుకుని తిరిగింది. మరుసటి ఎండాకాలానికి ఇళ్లు లేచాయి. గృహప్రవేశం నాడు ముందు అక్కే లోపల అడుగుపెట్టాలని ముసలమ్మ పట్టుబట్టింది. అక్క గడప బయటే నిలబడిపోయి, "నన్ను ఒక్కమాట తిట్టు పెద్దమ్మా," అని బతిమాలింది.

"ఏంది బిడ్డా గట్లంటవ్? నువ్వు లేకుంటే ఈ ఇల్లేడిది?" అంటూ ముసలమ్మ ఆమె చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయి అన్నం పెట్టింది. అక్క ముద్ద మింగలేకపోయింది. ఆ ఏడాదే ఉద్యోగం మానేసి మణుగూరు వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ తర్వాత ఏ ఇంటి కప్పు మీదా చెయ్యి వేయకుండానే ఆ కొలువు ముగించాను.

ఇప్పుడా గూడెంలో ప్రతి వాకిట్లో ఒక బండి. కాలేజీలకు పోయే పిల్లలున్నారు. సంస్థలవాళ్లు ఎవరు పోయినా చుట్టూ మూగి, స్లాబు కారుతోందని, గోడ బీటలు వారిందని నిలదీస్తారట. అక్కడ అలాంటి సంస్థలోనే పనిచేసే మా మేనకోడలు ఆ చీవాట్లు తట్టుకోలేక నాతో చెప్పుకుని వాపోతుంది. నాకేమో వింటుంటే గుండె చల్లగా ఉంటుంది. ఆ ముసలమ్మ ఆనాడు మమ్మల్ని నోరారా ఒక్క తిట్టు తిట్టి ఉంటే, అక్కా నేనూ ఈపాటికి మరిచిపోయి ఉండేవాళ్లమేమో.