ఎవరి చేతిలో తిన్నగా

కార్ల చక్రాల వంకర సరిచేసే షెడ్డులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆయన్ని అందరూ తిన్నగారు అంటారు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఏ బండి వచ్చినా పని పూర్తయ్యాక దాన్ని ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లి, స్టీరింగు మీంచి చేతులు ఎత్తేసి కొంత దూరం పోనిచ్చి, దిగి, "ఇప్పుడు తిన్నగా పోతోంది" అనడం ఆయన అలవాటు. ఆ తిన్నగాకి ఎవరో మర్యాదకొక 'రు' తగిలించారు. ఇక అదే పేరైపోయింది. లిఫ్టులు బాగుచేసే బావమరిది మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా "తిన్నగారు తిన్నారా?" అని అడిగి, తన జోకుకి తానే నవ్వుకుంటాడు.

ఆదివారాలు ఆయన చేతిలో స్పానరు బదులు డిస్కు ఉంటుంది. పెద్ద పార్కులో చెట్ల మధ్య తొమ్మిది గొలుసుల బుట్టలు పాతి ఉన్నాయి. పళ్లెమంత డిస్కుని విసురుకుంటూ వెళ్లి, ఎంత తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. డిస్కు గోల్ఫంటే అంతకుమించి ఏమీ లేదు. భార్యని కూడా ఆయనే రెండేళ్ల క్రితం ఇందులోకి లాగాడు. మొదట్లో "ఈ వయసులో నాకెందుకండీ" అన్న మనిషి, తరవాత ఆదివారం ఆయనకంటే ముందే లేచి బూట్లు వేసుకుని కూర్చునేది.

అన్ని బాటల్లోకీ ఆరో బాట ఇరుకు. అటూ ఇటూ చెట్లు, మధ్య ఆరు మీటర్ల సందు, డెబ్బై మీటర్ల అవతల బుట్ట. ఎడమ వరస చెట్ల వెనకే నడక దారి. మూడు వారాల క్రితం ఆ బాటలో ఆవిడ విసిరిన డిస్కు చివర్లో ఎడమకి వాలి, చెట్ల సందులోంచి దూరి, నడకకి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరు మోచేతికి తగిలింది. ఎముక విరగలేదు గానీ మోచెయ్యి వాచి కమిలిపోయింది. ఆ టీచరు రాసిన ఫిర్యాదు మాత్రం రెండు పేజీలు.

ఆ రోజు తిన్నగారు పెద్దరికం చేసి, పదిమంది ముందూ భార్య మణికట్టు పట్టుకుని చూపించాడు. "ఇదిగో, వదిలేటప్పుడు నీ చెయ్యి ఇలా తిరుగుతోంది. ఎన్నిసార్లు చెప్పాను?"

"ఇక నేను డిస్కు ముట్టుకోను," అంది ఆవిడ. ఆ తరవాత పార్కు ముఖం చూడలేదు. ఆవిడ దర్జీ కొట్టులో కటింగ్ మాస్టరు. సుద్దతో ఒక్క గీత గీసి కత్తెర పెడితే దారప్పోగంతైనా పక్కకి పోని చెయ్యి. అలాంటిది ఈ మూడు వారాలుగా ప్రతి గుడ్డ మీదా రెండేసి గీతలు గీసి, స్కేలు పెట్టి సరిచూసుకుని గానీ కత్తిరించడం లేదు. ఆ సంగతి తిన్నగారికి ఇంకా తెలియదు.

మంగళవారం పార్కు సూపర్‌వైజరు ఆటగాళ్లందర్నీ పిలిపించింది. సన్నగా, ఎత్తుగా ఉండే మనిషి. మాట పొదుపు.

"బుట్టలు తీసెయ్యమని పైనుంచి ఒత్తిడి ఉంది," అంది.

"మేడమ్, ఆ బాటలో ఇకమీద తిన్నగా పోయే డిస్కులే వాడతాం. పక్కకి వాలేవి ముట్టుకోం," అన్నాడు తిన్నగారు.

"ఏది తిన్నగా పోతుందో మీకు తెలుసా?"

"తెలుసుకుంటాం."

"అయితే ఒక్కటి తేల్చుకుని తీసుకురండి. శనివారం ఏడింటికి వస్తాను. పది విసుర్లు. అన్నీ తాడు దాటకుండా పోతే, ఆరో బాటలో అందరూ ఆ డిస్కే విసరాలని బోర్డు పెట్టిస్తాను. ఒక్కటి దాటినా సోమవారం తొమ్మిది బుట్టలూ పీకించేస్తాను."

తాడంటే ఎడమ చెట్ల వెంబడి నేలబారుగా కొత్తగా కట్టిన పసుపు తాడు. విసిరే మనిషి ఎవరన్న చర్చే రాలేదు. అందరూ తిన్నగారి వైపు చూశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ మెల్లిగా అంది. "బుట్టలు పీకేస్తే నా మూలంగానే అంటారు."

"ఎవరంటారు?"

"మీరు అనరు. మిగతావాళ్లంతా అంటారు." మళ్లీ తనే, "మీరూ మనసులో అనుకుంటారు," అంది.

తిన్నగారు తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

బుధవారం తెల్లవారుతూనే షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ముగ్గు గీసినట్టు సున్నంతో డెబ్బై మీటర్ల గీత గీశాడు. ఆట సామాన్ల కొట్టు నుంచి నాలుగు డిస్కులు అడిగి తెచ్చుకున్నాడు. అన్నీ మిడ్‌రేంజ్‌వే. అంచు పదునుగా ఉండే డ్రైవరు డిస్కులు దూరం పోతాయి గానీ చివర్లో ఎడమకి కొక్కెంలా తిరుగుతాయి. బుట్టలో వెయ్యడానికి వాడే మొద్దు డిస్కులు అంత దూరం రావు. మధ్యరకం ఇవి. వీటిలోనూ ఒకటి ఎడమకి, ఒకటి కుడికి లాగుతుంది. నిజంగా తిన్నగా పోయేదాన్ని వెతికి పట్టుకోవాలి.

ఆకుపచ్చది ఎడమకి వాలింది. తెల్లది మొదట బాగా పోయి ఆఖర్న వాలింది. నారింజ రంగుది చేతిలోంచి వదలగానే గాలికి ఊగిసలాడింది. నాలుగోది పసుపుది, అన్నిటికంటే తేలిక. దాన్ని విసిరితే కుడివైపు బోర్లా పడుకుని గోడకి కొట్టుకుంది. అప్పుడాయన సంచిలోంచి తన సొంత నీలం డిస్కు తీశాడు. ఆరేళ్లుగా ఆయన చేతిలో అరిగిన బరువైన డిస్కు. పది విసిరితే పదీ సున్నపు గీత మీదే పడ్డాయి. గురువారం మళ్లీ పది. మళ్లీ గీత మీదే.

చూడ్డానికి వచ్చిన బావమరిది ఈల వేశాడు. "ఇక నిద్రపో బావా. శనివారం నువ్వు ఆవులిస్తూ విసిరినా గెలుస్తాం."

తిన్నగారికి ప్రాణం కుదుటపడింది. అది శుక్రవారం మధ్యాహ్నం దాకానే.

ఆ మధ్యాహ్నం ఒక బేకరీ యజమాని కారు తెచ్చాడు. వారం కిందట ఇక్కడే సరిచేయించుకున్న కారు. ఆయన దిగితే కారు నాలుగంగుళాలు పైకి లేచింది.

"ఏం సరిచేశావయ్యా? ఎడమకి గుంజేస్తోంది."

తిన్నగారు ఎక్కి నడిపి చూశాడు. చేతులు వదిలేశాడు. కారు గీత గీసినట్టు పోయింది.

"తిన్నగానే పోతోంది కదండీ."

"నువ్వు తోలితే పోతుంది. తోలాల్సింది నేను. నా బరువు చూశావా? నేనెక్కి కూర్చున్నాక చూడు."

సీట్లో ఆయన బరువుకి సరిపడా ఇసుక బస్తాలు పెట్టి చక్రాలు కొలిస్తే ముల్లు నిజంగానే పక్కకి జరిగి ఉంది. బండి ఎప్పుడూ తోలేవాడి బరువుతో కలిపి సరిచెయ్యాలని తిన్నగారు షెడ్డులో కుర్రాళ్లకి వందసార్లు చెప్పి ఉంటాడు. ఈసారి తానే మరిచాడు. తిట్టుకుంటూ కారు కిందకి దూరి నట్టు బిగిస్తున్న ఆయన చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆ ఆదివారం భార్య విసిరింది ఈ నీలం డిస్కే. "నా మాట విని ఇది విసురు, తిన్నగా పోతుంది" అని ఆవిడ చేతిలో పెట్టింది తానే.

కారు అప్పగించేసి, సెలవు చెప్పి, నేరుగా దర్జీ కొట్టుకి వెళ్లాడు. గుమ్మంలోంచి చూస్తే భార్య ఒక చొక్కా గుడ్డ మీద గీత గీసి, దాని మీదే స్కేలు పెట్టి మళ్లీ గీస్తోంది.

"అదేంటి, రెండుసార్లు?"

ఆవిడ తలెత్తలేదు. "నా చెయ్యి వంకర కదా."

"ఒక్కసారి నాతో రా. పది నిమిషాలు."

"నేను డిస్కు ముట్టుకోనని చెప్పాను."

"మూడంటే మూడు విసుర్లు. నీ కోసం కాదు, నా కోసం."

ఆయన గొంతులో ఏదో తేడా వినిపించి ఆవిడ కత్తెర పక్కన పెట్టింది.

షెడ్డు వెనక ఆవిడ నీలం డిస్కు విసిరింది. నలభై మీటర్లు పోయి, ఎడమకి వాలి, గీతకి పన్నెండు అడుగుల దూరంలో పడింది. రెండోది అక్కడే. మూడోది ఇంకా పక్కకి. ఆవిడ పెదవి కొరుక్కుంది. "చాలా? చూశారుగా."

ఆయన పసుపు డిస్కు అందించాడు. తన చేతిలో గోడకి కొట్టుకున్న డిస్కది. ఆవిడ విసిరింది. అది లేచి, తిన్నగా సాగి, సున్నపు గీత వెంబడే పోయి, గీత మీద కూలబడింది.

ఆవిడ తానే వెళ్లి తెచ్చుకుని మళ్లీ విసిరింది. మళ్లీ. నాలుగోసారి తిరిగి వచ్చేసరికి ఆవిడ ముఖం ఎర్రబడి ఉంది. "ఇదేంటి?"

"నీలం డిస్కుకి బలమైన విసురు కావాలి. నెమ్మదిగా విసిరితే అది ఎడమకే పడుతుంది. ఎవరు విసిరినా అంతే."

"అంటే ఆ రోజు..."

"ఆ రోజు నీ చెయ్యి కాదు. డిస్కు."

"పదిమంది ముందు నా చెయ్యి పట్టుకుని తిప్పి చూపించారు." ఆవిడ గొంతు పెరగలేదు. అందుకే ఆయనకి ఎక్కువ భయం వేసింది. "మూడు వారాలుగా కొట్టులో ఒక్క గుడ్డ ధైర్యంగా కొయ్యలేదు నేను."

ఆ సాయంత్రం సంగతంతా విన్న బావమరిది నెత్తి పట్టుకున్నాడు. "బావా, నీకు దణ్ణం పెడతాను. రేపు నీలంది విసురు. నీ చేతిలో అది చచ్చినా గీత తప్పదు. పరీక్ష గట్టెక్కాక నీ వేదాంతం చూసుకుందాం."

"గట్టెక్కాక ఆ బాటలో అందరి చేతా నీలందే విసిరిస్తారు. మీ అక్క చేత కూడా. ఎడమకి పడి మళ్లీ ఎవరికైనా తగిలితే?"

"పసుపుది నీ చేతిలో బోర్లా పడుతోందిగా? చెట్టుకి తగిలి తాడు దాటితే సోమవారం బుట్టలుండవు. ఆ మాట మా అక్క జీవితాంతం మొయ్యాలి. ఆలోచించావా?"

ఆలోచించడం తప్ప తిన్నగారు ఇంకేం చెయ్యలేదు. పసుపు డిస్కు ఎవరి చేతికైనా పనికొస్తుంది, తనలా బలంగా విసిరే ముగ్గురు నలుగురికి తప్ప. రేపు విసరాల్సింది మాత్రం తానే.

శనివారం ఏడింటికి సూపర్‌వైజరు నడక దారిలో నోటు పుస్తకంతో నిలబడింది. నడిచేవాళ్లని ఆపేశారు. ఆటగాళ్లు వెనక గుంపుగా చేరారు. భార్య కూడా వచ్చింది, తమ్ముడి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. తిన్నగారు సంచిలో చెయ్యి పెట్టాడు. వేళ్లకి ముందు నీలం డిస్కే తగిలింది. దాని అంచు ఆయన వేళ్లకి అంత అలవాటు. దాన్ని వదిలి కింద నుంచి పసుపుది తీశాడు. బావమరిది కళ్లు మూసుకున్నాడు.

"మేడమ్, ముందు ఒక మాట," అన్నాడు తిన్నగారు. "ఆ రోజు తప్పు మా ఆవిడది కాదు. నా చేతికి సరిపడే డిస్కు ఆమెకిచ్చి విసరమన్నాను. పైగా ఆమెనే తప్పుపట్టాను."

గుంపులో గుసగుసలు లేచాయి. సూపర్‌వైజరు నొసలు చిట్లించింది. "అప్పుడు తప్పు డిస్కు ఎంచానంటున్నారు. ఇప్పుడు సరైనదే ఎంచారని ఎలా నమ్మాలి?"

"నమ్మొద్దు. చూడండి. ఇది మా ఆవిడలాంటి వాళ్ల చేతికి సరిపడుతుంది, నాలాంటి మొరటు చేతికి సరిపడదు. అయినా మెల్లిగా విసురుతాను."

మొదటిది చెయ్యి బిగబట్టి విసిరాడు. మధ్యలో పడింది. రెండోదీ అంతే. మూడోది కొంచెం కుడికి పోయినా బాటలోనే ఆగింది. సగం బలంతో విసరడం ఆయనకి బలమంతా పెట్టడం కన్నా కష్టంగా ఉంది. నాలుగోసారి భుజం మాట వినలేదు. వదిలిన మరుక్షణమే ఆయనకి తెలిసిపోయింది. డిస్కు కుడికి బోర్లి, చెట్టు బోదెకి ఠప్‌మని కొట్టుకుని వెనక్కి ఎగిరి, అంచు మీద నిలబడి, చక్రంలా ఎడమకి దొర్లింది. పసుపు తాడు వైపే.

అది గడ్డి మీద నెమ్మదించింది, ఊగింది, తాడుకి ఆనుకుని ఆగింది.

సూపర్‌వైజరు వచ్చి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"దాటలేదు మేడమ్," అన్నాడు బావమరిది. గొంతు కీచుగా వచ్చింది.

"నాకు కళ్లున్నాయి." సూపర్‌వైజరు నిటారుగా నిలబడి తిన్నగారితో అంది. "మీరిక విసరకండి. మీ చేతికి సరిపడదని మీరే అన్నారు. ఎవరి చేతికి సరిపడుతుందన్నారో వాళ్లు విసరాలి. ఇంకా ఆరున్నాయి."

తిన్నగారు భార్య వైపు చూడలేకపోయాడు. అడిగే హక్కు తనకి లేదనిపించింది. ఆవిడే గుంపులోంచి బయటికి వచ్చి, గడ్డిలోంచి డిస్కు తీసి, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుంది.

"మీరు కాస్త పక్కకి జరగండి," అంది మొగుడితో. "నా వెనక నిలబడి చెప్పకండి."

ఆయన పక్కకి జరిగాడు.

ఐదోది మధ్యలో పడింది. ఆరోదీ, ఏడోదీ. ఏదీ బుట్ట దాకా పోలేదు, అన్నీ బాట నడుమనే ఆగాయి. ఎనిమిదోదానికి గాలి లేచింది. ఆవిడ డిస్కు దించి, ఆకులు కదలడం ఆగేదాకా నిలబడింది. తొందరపెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తరవాత విసిరింది. తొమ్మిదోది ఎడమకి ఒక అడుగు జరిగింది. కాని తాడు ఇంకా చాలా దూరం.

పదోది విసిరేముందు ఆవిడ ఒక్కసారి అరచెయ్యి చూసుకుంది. విసిరింది. అన్నిటికంటే దూరం పోయింది, అన్నిటికంటే మధ్యగా పోయింది.

సూపర్‌వైజరు పుస్తకంలో ఏదో రాసుకుంది. "పసుపుది. తేలికది. ఆరో బాటలో ఇది తప్ప ఇంకోటి కనిపించకూడదు." కలం మూసి, తిన్నగారి వైపు తిరిగింది. "మీరూ మీలా బలంగా విసిరేవాళ్లూ దీన్ని మెల్లిగా విసరడం నేర్చుకునేదాకా ఈ బాటలో ఆడకూడదు. నేర్చుకున్నారని మీ ఆవిడ చెప్పాలి. మీరు చెబితే చాలదు."

బావమరిది పగలబడి నవ్వాడు. గుంపంతా నవ్వింది. భార్య నవ్వలేదు గానీ, "చూద్దాం, ఎన్ని నెలలు పడుతుందో," అంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆరో బాట దగ్గరికి రాగానే తిన్నగారు సంచి దించి, పసుపు తాడు అవతల నడక దారిలోకి వెళ్లి నిలబడుతున్నాడు. అటు నడిచి వచ్చేవాళ్లకి చెయ్యెత్తి, "ఒక్క నిమిషం ఆగండి, మా ఆవిడ విసురుతోంది," అని చెబుతున్నాడు.