జీవరత్నం గారు రుచి చూసిన ఇసుక

ఈ ఉదయం మచిలీపట్నంలోని మా సైటుకు ఇసుక లారీ వచ్చింది. టార్పాలిన్ లాగగానే తడి ఇసుక వాసన ముఖానికి తగిలింది. కుప్ప పైభాగం వదిలి, మోచేతి లోతున చెయ్యి పెట్టి చిటికెడు తీసి నాలుక చివర వేసుకున్నాను. నా దగ్గర కొత్తగా చేరిన ఇంజనీరు శ్రావణి అటూ ఇటూ చూసి, "టెస్టుకి పంపిస్తున్నాం కదా మేడమ్, రిపోర్టు సాయంత్రానికల్లా వచ్చేస్తుందండీ" అంది, ఎవరైనా చూస్తే బాగుండదన్నట్టు. రేణువులు పళ్ల మధ్య కరకరలాడాయి. రెండు క్షణాలు ఆలస్యంగా సన్నని ఉప్పదనం తెలిసింది. ఆ ఆలస్యం కోసం ఆగడం నాకు నేర్పినవారు జీవరత్నం గారు.

ఇరవై మూడేళ్ల క్రితం మాట. గుడివాడ దగ్గరి వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన నన్ను, దివిసీమలో పాలకాయతిప్పకు వెళ్లే దారిలోని ఒక పల్లెలో కడుతున్న తుఫాను షెల్టర్ పనికి వేశారు. ఆయన అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టర్. హోదాలో నాకంటే కింద, వయసులో మా నాన్నగారికంటే రెండేళ్లు పెద్ద. పాత మోపెడ్, దాని పెట్టెలో స్టీలు టేపు, తూకంగుండు, ఇంటి దగ్గర నింపుకొచ్చిన నీళ్ల సీసా. కాంక్రీటు మొదలుపెట్టే ముందు చెప్పులు విడిచి, ఒక పక్కగా నిలబడి, అర నిమిషం కళ్లు మూసుకునేవారు. మా ఇంట్లో పూజలు వేరు, ప్రార్థన నాకు కొత్త. ఏం అడుగుతారని ఒకసారి కుతూహలంగా అడిగాను. "పెద్దగా ఏం లేదమ్మా. నా కంటికి ఆననిది ఏదన్నా ఉంటే ఆనేటట్టు చెయ్యమంటాను" అన్నారు.

ఇసుక వచ్చిన ప్రతిసారీ సీసాలోని నీళ్లతో నోరు పుక్కిలించి, చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకుని ఆగేవారు. సముద్రపు ఇసుకలోని ఉప్పు కాంక్రీటు లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి స్తంభాన్ని లోపలినుంచి పగలగొడుతుంది. ఇది నేను పుస్తకాల్లో చదివిందే. సిల్వర్ నైట్రేట్ చుక్కలతో ఉప్పును కొలవగలను కూడా. ఆయన కొలతను కాదనలేదు. లారీని ఆపడానికి నాలుక, లోపలికి పంపడానికి ల్యాబు అనేవారు. కాంట్రాక్టరు తాలూకు మేస్త్రీ మాత్రం వదిలేవాడు కాదు. "ఇసక మీద ఇల్లు కట్టొద్దన్నాడంట గానీ జీవరత్నం గారూ, ఇసక నాకమని కూడా చెప్పాడా మీ ప్రభువు?" అనేవాడు. కూలీలు నవ్వేవారు, అందరికంటే ఎక్కువగా ఆయనే నవ్వేవారు.

మే నెలలో ఆయన మేనకోడలి పెళ్లికి రెండు రోజులు సెలవు పెట్టి పెడన వెళ్లారు. అదే రోజు వచ్చిన ఇసుక నాకు ఉప్పగా తగిలింది. గర్వంగా అనిపించింది కూడా. కడగమన్నాను. దగ్గర నిలబడి ఒకసారి కాదు, రెండుసార్లు కడిగించాను. ల్యాబుకు పంపకుండానే రిజిస్టరులో 'కడిగించి ఆమోదించడమైనది' అని రాసి సంతకం చేశాను. మర్నాడు రెండు స్తంభాలు పోయించాను. ఆ మరుసటి ఉదయం జీవరత్నం గారు వచ్చి, మిగిలిన కుప్పలోంచి చిటికెడు నోట్లో వేసుకున్నారు.

"ఎవరు కడిగారమ్మా?"

"నేనే దగ్గరుండి కడిగించానండీ."

"ఏ నీళ్లతో?"

చేత్తో కాలువ వైపు చూపించాను. వేసవిలో సాగునీటి కాలువలు కట్టేస్తారు. మంచినీళ్లు బిందెల లెక్కన దొరికే ఆ ఊళ్లో, సైటు పక్కన మురుగుకాలువ మాత్రం నిండుగా ఉంది. ఎందుకు నిండుగా ఉందో నేను ఆలోచించలేదు. గుడివాడ వైపు కాలువలో నీళ్లుంటే అవి తియ్యటి నీళ్లే. ఇక్కడ పోటు సమయానికి సముద్రం ఆ కాలువలోకి ఎదురెక్కుతుంది. నేను ఉప్పును సముద్రంతోనే కడిగించాను.

పై అధికారి వచ్చి, రిజిస్టరులో ఆ పేజీ మార్చేస్తే సరిపోతుందన్నారు. స్తంభాలు పాతికేళ్లు నిలబడతాయి, అప్పటికి మనలో ఎవరుంటారు అన్నారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ మాట పట్టుకుని ఒడ్డుకు చేరాలనిపించింది. ఆయన వెళ్లాక జీవరత్నం గారు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు.

"తుఫాను రోజున ఊరంతా పిల్లలతో వచ్చి ఈ స్తంభాల కిందే కూర్చుంటదమ్మా. మీరు రాయకపోతే నేను రాస్తాను. కానీ మీ తప్పు నేను రాస్తే అది చాడీ అవుద్ది. మీరు రాసుకుంటే రిపోర్టు అవుద్ది."

రాశాను. నా సంతకం కింద ఆయన, ఎవరూ అడగకుండానే, మరో వాక్యం చేర్చారు: 'నేను సెలవుపై బయలుదేరుతుండగా లారీ ఎదురైనది, ఇసుకలో గవ్వముక్కలు కనిపించినను ఆగక వెళ్లితిని.'

స్తంభాలు పగలగొట్టించి కొత్తగా పోయించారు. నాకు మెమో వచ్చింది. తాను రాసిన ఆ ఒక్క వాక్యాన్నే ఆధారం చేసుకుని జీవరత్నం గారిని సస్పెండ్ చేశారు.

విచారణ పదకొండు నెలలు సాగింది. ఆయన సొంత ఊళ్లోనే తాపీ పట్టుకుని కూలికి వెళ్లారు. ఊళ్లో సంఘం వాళ్లు కడుతున్న ప్రార్థన మందిరానికి స్లాబు వేయిస్తానని మాట ఇచ్చింది మా కాంట్రాక్టరే. విచారణ మొదలవగానే అతను చేతులు ముడుచుకున్నాడు. గోడలు లేచి, పైకప్పు లేక, మందిరం మీద తాటాకులు కప్పారు. క్రిస్మస్‌కు ముందు ఆదివారం నేను వెళ్లేసరికి ఆరాధన ముగిసింది. సంఘ పెద్ద దానియేలు గారు అందరి ఎదుటే జీవరత్నం గారిని నిలబెట్టి ఉన్నారు.

"బావా, ఆ లారీని నువ్వు చూళ్లేదని ఒక్క ముక్క రాసిచ్చెయ్. నీ ఉద్యోగం నీకొస్తది, మందిరానికి స్లాబు పడుద్ది. పండక్కి పిల్లలు వానలో తడవకుండా కూర్చుంటారు."

జీవరత్నం గారు తాటాకుల్లోంచి కనబడుతున్న ఆకాశం వైపు చూశారు. ఆ కాసేపట్లో ఆయన నిజంగానే ఊగిసలాడారని నా నమ్మకం.

"ఆ స్లాబు కింద కూర్చుని నేనేం ప్రార్థన చెయ్యను బావా?"

ఆ రోజు ఆయనతో కలిసి ఎవరూ ఇంటిదాకా నడవలేదు. భార్య మరియమ్మ గారు నాకు టీ ఇస్తూ, ఆయనకు దేవుడి మీద కోపం రాదా అని నేను అడక్కముందే చెప్పారు. "వస్తదమ్మా, ఎందుకు రాదు? మోకాళ్ల మీద ఉండే పోట్లాడతారు. లేచి మళ్లీ పనికెళ్తారు."

రిజిస్టరులో ఆయన చేర్చిన ఆ వాక్యం విలువ నాకు విచారణ ముగిశాక, ఫైలు నా చేతికి వచ్చినప్పుడు తెలిసింది. మంచి ఇసుకను ఇంజనీరమ్మే ఉప్పునీళ్లతో కడిగించి పాడుచేసిందని కాంట్రాక్టరు వాదన. వచ్చినప్పుడే అది సముద్రపు ఇసుక అనడానికి సాక్ష్యం ఆయన రాసిన గవ్వముక్కలు ఒక్కటే. ఆయన ఆ ముక్క వెనక్కి తీసుకుని ఉంటే నా ఉద్యోగం పోయేది. పదకొండు నెలల్లో ఒక్కసారి కూడా ఆయన ఆ సంగతి నాకు చెప్పలేదు. తరువాత అడిగితే, "ఉన్నదే రాశానమ్మా, మీ కోసమని రాయలేదు" అన్నారు, కొంచెం చిరాకుగా.

ఆయన ఉద్యోగం తిరిగి వచ్చింది. మందిరానికి స్లాబు రెండేళ్ల తరువాత సంఘం వాళ్లే వేసుకున్నారు. ప్రతి ఇసుక బండి ముందూ దానియేలు గారే, "బావా, నోరు పుక్కిలించు" అని నీళ్లు అందించారట. నేను చివరిసారి చూసినప్పుడు బీపీ వల్ల జీవరత్నం గారు ఉప్పు లేని పప్పు తింటున్నారు. "ఇప్పుడు చూడాలమ్మా నా నాలుక. గుడివాడ ఇసకలో కూడా ఉప్పు పట్టేస్తాను" అన్నారు. ఆ మరుసటి ఏడాది పోయారు. ఆ షెల్టర్ స్తంభాలను దివిసీమ వెళ్లినప్పుడల్లా తడిమి చూస్తాను. ఇంతవరకు ఒక్క పగులు లేదు.

ఈ ఉదయం లారీ వెనక్కి పంపమన్నాను. డ్రైవరు బతిమాలుతుంటే శ్రావణి మెత్తబడింది. "పోనీ కడిగించేద్దామా మేడమ్? నేను దగ్గరుండి చూసుకుంటానండీ."

సీసా మూత తీసి నోరు పుక్కిలించాను.

"ఏ నీళ్లతో?" అని అడిగి, జవాబు కోసం ఆగాను.