కొలతకు సరిపోయిన చేప

ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో మా ఇరుగుపొరుగు సెలవులకు కొండలెక్కి మంచు చూసి వస్తారు. మేం చేపలు పట్టి వస్తాం. మా ఆయన గోదావరి కాలవగట్ల మీద పెరిగిన మనిషి. ఢిల్లీకి బదిలీ అయ్యాక గాలం వేయడానికి నీళ్ళే దొరక్క, సెలవు దొరికినప్పుడల్లా హిమాచల్‌లో ఒక ఏటి దగ్గరికి కారు తీసేవారు. ఆ చన్నీళ్ళలో ట్రౌట్ చేపలుంటాయి. ఆయన పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ పిచ్చి ఆయన కంటే నాకే ఎక్కువ.

అక్కడ గాలం వేయాలంటే పర్మిట్ కావాలి. చిన్న చేప పడితే నీళ్ళలో వదిలేయాలి. గుడ్లు పెట్టే చలికాలంలో చేపలు పట్టనివ్వరు. ఇవన్నీ చేపల మేలుకేనని నేను గట్టిగా నమ్మేదాన్ని.

నిరుడు అక్టోబర్ చివర్లో, వేట ఆపేసే ముందు, నా గాలానికి ఒక పెద్ద చేప పడింది. ఏటి దగ్గర కాపలా ఉండే గార్డు స్కేలు పెట్టి చూసి, "ఠీక్ హై మేడమ్, రఖ్ లీజియే" అంటూ ఉంచుకోమన్నాడు. గెస్ట్‌హౌస్‌లో కోస్తే కడుపు నిండా నారింజరంగు గుడ్లు.

"ఇంకొన్నాళ్ళు ఆగుంటే ఇయ్యన్నీ ఏట్లో పిల్లలయ్యేవి కదే" అన్నారు మా ఆయన. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

ఢిల్లీ వచ్చాక హిమాచల్ చేపల ఆఫీసుకు ఫోన్ చేశాను. "చిన్నవాటిని వదిలేయమంటారు, సరే. గుడ్లు ఎక్కువ పెట్టేది పెద్దవే కదా, వాటినెందుకు పట్టుకోనిస్తారు?" అని అడిగాను.

"రూల్లో మినిమమ్ సైజే ఉంది మేడమ్. మీ సజెషన్ మెయిల్ చేయండి" అన్నాడు అవతలి మనిషి. చేశాను. అందిందన్న జవాబు తప్ప మరేమీ రాలేదు.

ఈ అక్టోబర్‌లో మళ్ళీ వెళ్ళాం. మునుపటి కంటే చేపలు తగ్గాయి. మధ్యాహ్నం దాకా కూర్చుంటే పెద్దది ఒక్కటి పడింది, నిండు కడుపుతో. చేప ఒంటి జిగురు ఊడకుండా చేతులు తడుపుకుని, గాలం నెమ్మదిగా విడదీసి నీళ్ళలో వదిలేశాను. గార్డు నన్ను వింతగా చూశాడు.

కాసేపటికి కొంచెం దిగువన, గుర్గావ్ నుంచి వచ్చిన ఒకతను అంతే పెద్ద చేపను లాగాడు. ఉండబట్టలేక వెళ్ళి, "భయ్యా, అది గుడ్లతో ఉంది, వదిలేయండి" అన్నాను.

"ఆంటీ, నాకు పర్మిట్ ఉంది. సైజు కూడా సరిపోయింది" అన్నాడతను. మాటలో దురుసు లేదు. గార్డు కొలిచి తలూపాడు. ఇద్దరూ రూలు ప్రకారమే నడుచుకున్నారు. ఎవరి మీద అరవాలో తెలియక ఒళ్ళు మండిపోయింది.

తిరిగొస్తుంటే కారులో మా ఆయన, "ఈసారి ఏప్రిల్‌లో వద్దాంలే, అప్పుడు గుడ్లుండవు" అన్నారు.

"మనం ఏప్రిల్‌లో వస్తాం. అక్టోబర్‌లో వచ్చేవాళ్ళ సంగతేంటండీ?"

"మళ్ళీ మెయిల్ చెయ్" అన్నారు ఆయన. ఇల్లు చేరగానే చేశాను. ఈసారి అందిందన్న జవాబు కూడా రాలేదు.