ఐదో మెట్టు మీద బొట్టు

రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు నన్ను అనంతపురం నుంచి బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు మార్చారు. పని పాతదే. నిచ్చెనలు, పరంజాలు తనిఖీ చేసి, పనికొచ్చేవాటికి పచ్చ ట్యాగు కట్టడం, పనికిరానివాటిని రంపంతో రెండుగా కోయించడం. కోయించకపోతే మనవాళ్ళు వాటినే మళ్ళీ వాడతారు. మరుసటి ఫిబ్రవరిలో ఒక సోమవారం, బ్రూక్‌ఫీల్డ్ వెనకాల ఉన్న కరెంటు సామాన్ల గోడౌనుకు ప్రమాద విచారణకు వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది.

గంగప్ప అనే ఫిట్టరు కర్ర నిచ్చెన మీది నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అల్యూమినియం ఉండగా కర్రెందుకని ఇప్పటికీ అడుగుతుంటారు. కరెంటు పనికి కర్రే మేలు, పొడిగా ఉన్నంతవరకూ షాకు కొట్టదు. విచారణలో తేలవలసింది ఒక్కటే: తప్పు నిచ్చెనదా, మనిషిదా. మనిషిదైతే గంగప్ప ఉద్యోగం పోతుంది. గోడౌను మేనేజరు నేను కుర్చీలో కూర్చోకముందే తేల్చేశాడు.

"సార్, ఒక్క మెట్టు కూడా బ్రేక్ అవ్వలేదు. తాగి ఎక్కుంటాడు, అంతే. రిపోర్ట్ క్లోజ్ చేసేద్దాం."

మెట్లు విరగని మాట నిజమే. కానీ పొద్దున్నే నేను ఆస్పత్రికి వెళ్ళి గంగప్పను చూసి వచ్చాను. కదలలేక పడుకుని ఉన్నాడు. "తాగేదే లేదు సార్ నేను. ఐదో మెట్టు నోరు తెరిచింది. నేను పడినాక మళ్ళా మూసుకొనింది," అన్నాడు. వాంగ్మూలం చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలన్నది నియమం. రాసుకున్నాను గానీ, నమ్మలేదు.

గోడౌను తాళాలు మునిరత్నమ్మ దగ్గర ఉండేవి. స్టోర్స్ చూసే పెద్దావిడ, తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. నిచ్చెనను ఆమె కన్నడంలో లాగా ఏణి అనేది. దాని దగ్గరికి రాకుండా గడప అవతలే నిలబడింది.

"మూడు గంటల దాకా ఉండి వినప్పా. మనిషి ఆస్పత్రిలో పండుకోనుండాడు, అడుగులు ఈడ ఏణి ఎక్కుతా ఉండాయి. నాలుగు ఎక్కుతాడు, ఐదోది ఎక్కడు."

నవ్వుకుంటూ స్టూలు వేసుకుని కూర్చున్నాను. మూడింటికి కింది మెట్టు టక్కుమంది. కొన్ని నిమిషాల తర్వాత రెండోది. ఇంకాసేపటికి మూడోది, తర్వాత నాలుగోది. తొందర లేని మనిషి బరువు మోసుకుంటూ ఎక్కుతున్నట్టే ఉంది. ఐదో చప్పుడు కోసం ఊపిరి బిగబట్టాను. రాలేదు. అబద్ధమెందుకు, ఒళ్ళు జలదరించింది.

అప్పుడు ఎండను గమనించాను. రేకుల కప్పులో ఒకచోట ప్లాస్టిక్ రేకు ఉంది. దాంట్లోంచి పడే ఎండ పొద్దు వాలేకొద్దీ నిచ్చెన ఆనించిన గోడ మీద పైపైకి పాకుతోంది. వేడి తగిలిన మెట్టు, నిలువు కర్రలో బిగుసుకున్న చోట టక్కుమంటుంది. ఎండ ఐదో మెట్టును కూడా దాటింది. మరి అది ఎందుకు పలకలేదు?

మా వృత్తిలో మెట్టు బాగోగులు చెవితోనే తెలుస్తాయి. చెక్క సుత్తితో ఒక్కొక్కటీ కొట్టి వింటాం. గట్టి కర్ర ఖంగుమంటుంది, లోపల చీలిన కర్ర మొద్దుగా పలుకుతుంది. సుత్తి తీసుకుని దగ్గరికి వెళ్ళాను. పచ్చ ట్యాగు ఇంకా వేలాడుతోంది. అక్టోబరు తనిఖీ. పొట్టి సంతకం నాదే.

చూడగానే గుర్తొచ్చింది. ఆయుధపూజ అయిన వారానికే ఇక్కడికి తనిఖీకి వచ్చాను. ప్రతి నిచ్చెనకూ పసుపు రాసి, చేతికందే ఐదో మెట్టుకు కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. బొట్టు పెట్టిన చోట సుత్తితో ఎలా కొడతాను? కళ్ళకద్దుకుని, ఐదోది వదిలేసి, ఆరోదానికి వెళ్ళాను. చాలా ఏళ్ళుగా అంతే చేస్తున్నాను.

ఇప్పుడు కొట్టాను. తడిసిన అట్టను కొట్టినట్టుంది.

మర్నాడు నిచ్చెనను రెండు బల్లల మీద అడ్డంగా పడుకోబెట్టి ఐదో మెట్టుకు ఇసుక మూటలు వేలాడదీయించాను. రెండో మూటకు మెట్టు పొడవునా విచ్చుకుంది. లోపలంతా ఎర్రగా ఉంది. దండ కట్టడానికి ఏటా కొట్టిన మేకుల కన్నాల వెంట కర్ర చీలి, ఏళ్ళ తరబడి కుంకుమ నీళ్ళు దిగిపోయాయి. మూటలు తీయగానే చీలిక మూసుకుపోయింది. పైన బొట్టు, మెరిసే పసుపే; చీలిక గీత కూడా కనబడలేదు.

"అయ్యో నా తల్లీ, మేకు కొట్టింది నేనే కదప్పా," అంటూ మునిరత్నమ్మ నెత్తి పట్టుకుని కూలబడింది. మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. "సార్, ట్యాగ్ మీదే కదా. మీకూ ప్రాబ్లమే. ఇంకోసారి ఆలోచించండి."

ఆలోచించాను. రిటైర్మెంటు దగ్గర్లో ఉన్న మనిషిని, భయం వేసింది. కానీ చప్పుడు రాని ఆ మెట్టు చెవిలోంచి పోలేదు. లోపం నిచ్చెనదని, అక్టోబరులో దాన్ని పరీక్షించకుండా వదిలింది నేనేనని రాసి సంతకం పెట్టాను. నాకు మెమో వచ్చింది. గంగప్ప మీద తాగాడన్న మాట కొట్టేశారు. తుంటి కుదురుకున్నాక స్టోర్స్‌లో కూర్చుని చేసే పని ఇచ్చారు.

విచారణ జరిగిన వారమే, గురువారం నిచ్చెనను కోయించడానికి వెళ్ళాను. పొద్దుటి నుంచీ ముసురు, ఎండ పొడ లేదు. మూడింటికి టక్ టక్‌మని నాలుగు చప్పుళ్ళు వచ్చాయి. రంపం పట్టుకున్నవాడు నా మొహం చూశాడు. కానివ్వమన్నాను. రిపోర్టు ఫారంలో దీనికి గడి లేదు, కాబట్టి రాయలేదు.

కర్ర నిచ్చెనకు పెయింటు వేయకూడదు, పగుళ్ళు కప్పేస్తుంది, వార్నిష్ మాత్రమే పూయాలి అని ప్రమాణాల పుస్తకంలో ఉంటుంది. పసుపు కుంకుమల సంగతి అందులో ఉండదు. మిగిలిన సర్వీసులో బొట్టు ఉన్న ప్రతి మెట్టుకూ దండం పెట్టి, ముందుగా దాన్నే కొట్టాను.