నిమ్మచెట్టుకు మజ్జిగ

మొయినాబాద్‌లో మా అత్తమ్మకు ఏదీ పారబోయడానికి మనసొప్పేది కాదు. దసరాకు గోడలకు వేయగా మిగిలిన సున్నపు నీళ్లు కూడా ఏటేటా పెరట్లో నిమ్మచెట్టు మొదట్లోనే పోసేది. ఆకులు పసుపుబారాయి. మట్టి పరీక్ష చేయిస్తే సున్నం ఎక్కువైందన్నారు, మట్టిలో పులుపు పెరగడానికి గంధకం కలపమన్నారు.

ఆ మాట అత్తమ్మ కూడా విన్నది. సాయంత్రం చూస్తే చెట్టు పక్కన కూర్చుని ఆకులు నిమురుతూ చెట్టుతో మాట్లాడుతున్నది.

"బలమైతదని పోసిన బిడ్డా. తెల్వకపాయె. ఏమనుకోకు."

మర్నాటి నుంచి రోజూ చెంబెడు పుల్లమజ్జిగ పోసింది.

వానలకు పచ్చటి చిగుళ్లు వచ్చాయి. "జూసినవా, మజ్జిగకు ఎట్ల లేచిందో" అని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

"అవునత్తమ్మా" అన్నాను.

ఆమె చేవెళ్లకు పెళ్లికి పోయిన రోజు నేను మట్టిలో గంధకం కలిపిన సంగతి ఎన్నడూ చెప్పలేదు.