పూజకెక్కిన మొద్దు కత్తులు

ఆ రోజుల్లో నా చేతికి జీతం కొత్త, ఫోన్ కొత్త, భయాలు మాత్రం పాతవే. కుక్కలంటే భయం, ఉరుములంటే భయం, మా ల్యాబ్ మేనేజర్ దగ్గు వినిపిస్తే మరీ భయం. అలాంటివాడికి కత్తుల మీద మోజు ఎలా పుట్టిందని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంటుంది. భయస్తులకే పుడుతుందేమో అని నా అనుమానం. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేస్తూ, జిన్నారం పక్కనున్న మా ఊరి నుంచి కంపెనీ బస్సులో వెళ్లివచ్చేవాణ్ణి. బస్సు ఎక్కగానే అందరూ కిటికీలకు తలలు ఆనించి నిద్రపోయేవాళ్లు. నేను మాత్రం ఫోన్‌లో కత్తుల వీడియోలు చూసేవాణ్ణి. ఎప్పుడో వందల ఏళ్ల కిందట ఐరోపాలో ఇనుప చొక్కాలు తొడుక్కుని గుర్రాల మీద తిరిగిన యోధుల కత్తులవి. వాటికి అచ్చం అలాగే నకళ్లు చేసి మన దేశంలోనే అమ్ముతున్నారని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

కొనాలని నిర్ణయించుకోవడం తేలికే, ఏది కొనాలో తేల్చుకోవడానికి మాత్రం నెలలు పట్టింది. ఒంటి చేత్తో పట్టే పొట్టి కత్తా, రెండు చేతులతో తిప్పే పొడుగు కత్తా? పొడుగుది అందంగా ఉంది, కానీ మా ఇంట్లో దాన్ని పైకెత్తితే ముందు ఫ్యాన్ రెక్క తెగుతుంది. పొట్టిది చేతికి వాటంగా ఉంటుందంటారు, కానీ చూడగానే జనం గుండెలు ఝల్లుమనాలి కదా (ఝల్లుమనేది నా గుండె అని అప్పటికి తెలియదు). బరువు తెలుసుకుందామని అమ్మ రోకలి తీసుకుని పెరట్లో వీడియోలో చూపించినట్టు ఒక కాలు ముందుకేసి, మోకాలు వంచి నిలబడ్డాను. అమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "ఏందిరా, రోకలి పట్టుకొని గట్ల ఎగురుతున్నవ్? ఒంట్లె మంచిగున్నదా?" అంది. నడుము నొప్పికి వ్యాయామం అని చెప్పాను. సాయంత్రానికి నిజంగానే నడుము పట్టేసింది.

ఉత్తరాదిలో ఎక్కడో ఉన్న అమ్మకందారుతో ఫోన్‌లో నా వచ్చీరాని హిందీలో బేరం నడిచింది. నేను అతన్ని అడిగిందల్లా ఒకటే ప్రశ్న: "భాయ్, ధార్ తో నహీ హై న?" పదును ఉండదు కదా అని. అతను ఓపిక ఉన్నవాడు. పదును లేకపోతే అది గోడకు పెట్టుకునే బొమ్మ, పదును ఉంటే ఆయుధం, ఆయుధమైతే పోలీసుల సంగతి నువ్వే చూసుకోవాలి, మేము మొద్దువే పంపుతాం అని చెప్పాడు. మర్నాడు మళ్లీ అడిగాను. ఆ తర్వాత మళ్లీ అడిగాను. చివరికి అతను, "భయ్యా, దీనితో మీరు కేకు కోసినా తెగదు" అని హిందీలో విసుక్కున్నాక నా మనసు కుదుటపడింది. ఏది కావాలో తేలక రెండూ పంపమన్నాను.

నేనంత జాగ్రత్తపడటానికి అసలు కారణం వేరే ఉంది. జోగిపేటలో మా చిన్నాన్న కూతురి పెళ్లిలో ఒకమ్మాయిని చూశాను. మాటలు కలిశాయి, ఫోన్ నంబర్లు కలిశాయి, పెద్దవాళ్ల దాకా కబురు వెళ్లింది. వాళ్లింట్లో అందరికీ సమ్మతమే గానీ చివరి మాట ఆ అమ్మాయి మేనమామది. ఆయన పోలీసు హెడ్ కానిస్టేబుల్. ఆయన కాదంటే ఆ సంబంధం అక్కడితో సరి. దసరా నాడు జమ్మి పెట్టే వంకతో మా ఇల్లూ వాకిలీ చూసిపోతానన్నాడట. "మా మామ ముంగట జెర ధైర్యంగ ఉండు. గట్ల వణకకు," అని ఆమె ఫోన్‌లో చెప్పింది. నేను వణుకుతూనే సరేనన్నాను. కత్తుల సంగతి ఆమెకు చెప్పలేదు.

దసరాకు రెండు రోజుల ముందు పార్శిల్ పటాన్‌చెరు కొరియర్ ఆఫీసుకు వచ్చింది. అక్కడి కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, మీ తల్వార్లు వచ్చినయి, ఎప్పుడు తీస్కపోతరు?" అని బస్సంతా వినిపించేలా అడిగాడు. నా పక్క సీటాయన నిద్రలోనే కాస్త అవతలికి జరిగాడు. పొడుగాటి ఆ అట్టపెట్టెను దుప్పటిలో చుట్టి షేర్ ఆటో ఎక్కాను. "ఏందన్నా అది?" అని డ్రైవర్ అడిగితే కర్టెన్ రాడ్డు అన్నాను. ఇక ఆటోలో ఉన్నవాళ్లంతా కర్టెన్ రాడ్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. స్టీలుదా, అల్యూమినియందా, బిగించేవాడు ఎంత తీసుకున్నాడు అని ఆరా తీశారు. రోడ్డు మీద ఖాకీ చొక్కా కనిపించిన ప్రతిచోటా దుప్పటిని ఇంకాస్త బిగించి చుట్టాను. అది స్కూలు బస్సు డ్రైవర్ చొక్కా అయినా సరే. ఇల్లు చేరాక ఒకసారి విప్పి చూసి, బొటనవేలు ఆనించి మొద్దువేనని నిర్ధారించుకుని, వడ్ల సంచుల వెనక దాచేశాను. పండగ పోయాక, మేనమామ గండం గడిచాక గోడకు పెట్టుకోవచ్చని నా పథకం.

మందుల ఫ్యాక్టరీకి పండగ సెలవు ఉన్నా రియాక్టర్లకు ఉండదు. దసరా రోజు కూడా ఉదయం డ్యూటీకి వెళ్లి, మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చాను. ముందు గదిలో పూజ అయిపోయి ఉంది. పీట మీద కొడవళ్లు, గొడ్డలి, గడ్డపార, ట్రాక్టర్ తాళంచెవి, అన్నిటికీ పసుపు కుంకుమ. వాటి నడుమ, అన్నిటికంటే ఎత్తుగా, గోడకు ఆనించి, బంతిపూల దండలతో నా రెండు కత్తులు. తెచ్చిన రోజు మసకగా ఉన్న వాటి అంచులు ఇప్పుడు తళతళా మెరుస్తున్నాయి. దగ్గరికి వెళ్లి బొటనవేలు ఆనించాను. సన్నగా రక్తం వచ్చింది.

"నాయినా, గివి..." అన్నాను.

"సంచుల ఎనుక దొరికినయి బిడ్డా," అన్నాడు నాయిన. ఆ గొంతులో జాలి వినిపించింది. "నువ్వు సిగ్గుతోటి దాసిపెట్టినవని నాకు ఎర్కే. ఏం కత్తులు కొన్నవ్ రా, ఎన్నముద్ద గూడ తెగది! సదువుకున్న పోరనివని నిన్ను మోసం జేసిండ్రు. నలుగురిల పరువు పోతదని కమ్మరాయన కాడికి తీస్కపోయి సాన వట్టించిన. మస్తు తిప్పలవడ్డడు పాపం. గిప్పుడు సూడు, నెత్తి ఎంటిక వడ్డా తెగుతది."

పదును లేని ఇనుము మా నాయిన దృష్టిలో పొరపాటు తప్ప మరొకటి కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చేతిలోకి వచ్చిన ప్రతి పనిముట్టుకూ పదును పెట్టడమే ఆయనకు తెలుసు. మొద్దుగా ఉండటం కోసమే ఒక కత్తిని ఎంచుకుని, దాని మొద్దుతనం గురించి పదిసార్లు విచారించి కొన్నానని ఆయనకెలా చెప్పడం? నేను గబగబా కత్తుల మీద చెయ్యి వేశాను. వెనక నుంచి అమ్మ కేక వేసింది. "పూజల కూసున్నయి ముట్టద్దు రా! రేపు పొద్దుగాలదాంక కదపద్దు!" ఆయుధ పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా మా ఇంట్లో ఎవరూ తాకరు. పోనీ తువ్వాలు కప్పుదామంటే దేవుడికి ముసుగేస్తావా అని తిట్టింది. ఇంకో నాలుగు బంతిపూల దండలు తెచ్చి వేశాను. కత్తులు ఇంకా ఘనంగా కనిపించాయి. అప్పుడే వాకిట్లో బండి ఆగింది.

మేనమామ పొడుగు మనిషి, మీసాలు మరీ పొడుగు. నాయినకు జమ్మి ఆకు పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకుని, కుర్చీలో కూర్చున్నాడు. సరిగ్గా కత్తులకు ఎదురుగా. అమ్మ తెచ్చిన నీళ్ల గ్లాసు నేను అందించబోతే సగం నీళ్లు ఆయన ప్యాంటు మీద పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు. కత్తులను చూస్తున్నాడు. లేచి, చెప్పులు వదిలి, పీట దగ్గరికి వెళ్లి, తాకకుండా వంగి అంచు వెంబడి కళ్లు నడిపించాడు. మెడలో బంతిపూలతో మొదటిసారి మా కత్తులు నిజంగా భయంకరంగా ఉన్నాయి.

"పటేలా, గివి ఎవరియి?" అన్నాడు.

నాయిన నవ్వుతూ ఏదో అనబోయాడు. మేనమామ ఆపాడు. "సోకుకు పెట్టుకునేటియి అయితే నాకేం లేదు. గివి ధార వెట్టినయి. గింత పొడుగు కత్తులు లైసెన్సు లేకుంట ఇంట్ల పెట్టుకుంటే కేసయితది. తెలుసా? ఎవరియో చెప్పుండ్రి."

నా కళ్ల ముందు సంబంధం పోయింది, ఉద్యోగం పోయింది, కంపెనీ బస్సు నన్ను ఎక్కించుకోకుండా వెళ్లిపోయింది. మా నాయినకు పోలీసులంటే ఎంత భయమో చెప్పాలి. జిన్నారం ఠాణా ముందుకు రాగానే సైకిల్ దిగి నడిపించుకుంటూ పోయే మనిషి. ఎందుకు నాయినా అంటే, "ఎందుకైనా మంచిది" అనేవాడు. ఆ మనిషి మొహంలో నవ్వు పోయింది, పెదవులు తెల్లబడ్డాయి, చేతులు కట్టుకున్నాడు.

"నాయి సారూ," అన్నాడు. "నేనే కొన్న. ధార గూడ నేనే వెట్టించిన. పోరనికి ఏం తెల్వది. ఏమున్నా నా పేరు మీద రాసుకోండ్రి."

మేనమామ ఆయన వైపు చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు చెక్కిన ఆ పిడుల వైపు చూశాడు. గజగజ వణుకుతున్న నా వైపు చూశాడు. పోలీసు కళ్లకు అర్థం కానిదేముంది? మళ్లీ కుర్చీలో కూర్చుని, "పూజల ఉన్నదాన్ని నేను గూడ ముట్ట," అన్నాడు. "రేపు పొద్దుగాల నేనొస్త. నా ముంగట ధార తీపియ్యాలె. ఇగ బువ్వ పెడతరా లేదా?" మాంసం కూరతో బాగానే తిన్నాడు. ఆ రాత్రంతా కత్తులు నన్నే చూస్తున్నట్టనిపించి ముందు గదిలోకి వెళ్లలేదు.

మర్నాడు కమ్మరాయన మమ్మల్ని ముగ్గురినీ చూసి మొత్తుకున్నాడు. "మొన్న పెట్టుమంటిరి, ఇయ్యాల తియ్యుమంటిరి. ఇంతకు గివి కత్తులా, కట్టెలా?" ఆకురాయి పట్టించి అంచులు మొండి చేసేసరికి మధ్యాహ్నమైంది. మేనమామ అరచేత్తో గట్టిగా రుద్ది చూసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా బండెక్కి వెళ్లిపోయాడు. సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాను. సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేక మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. మేనమామ వాళ్లింట్లో చెప్పిన తీర్పు ఇది: "పిల్లగాడు ఉత్త పిరికోడు. ఇంట్ల తల్వార్లున్నా మనకు భయం లేదు, వాడే వాటికి భయపడతడు. అయ్య మాత్రం మంచోడు. గసొంటి ఇంట్ల మన పిల్ల సుఖపడతది."

ఇప్పుడు ఆ కత్తులు పటాన్‌చెరులో మేముండే ఇంటి గోడ మీద ఉన్నాయి. వాటి అంచులు వంకరటింకరగా, ఏ కాలపు యోధుడూ ఒప్పుకోని ఆకారంలో ఉన్నాయి. ఆ తర్వాత ఎన్నో వీడియోలు చూశాను, కత్తుల గురించి నాకు తెలియని సంగతి లేదని కొత్తవాళ్ల ముందు గొప్పలు కూడా పోతాను. కానీ ఇంటికొచ్చిన వాళ్లెవరైనా "ఈ కత్తులు ఎవరివి?" అని అడిగితే, పక్కనుంచి మా ఆవిడ నవ్వుతున్నా సరే, మా నాయినవి అనే చెప్తాను.