గెత్తం కుప్పలో గవ్వ

నా చిన్నప్పుడు, అబద్ధమాడని మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడని నమ్మేదాన్ని. ఆయన మా అమ్మ తమ్ముడు, మా చిన్నమావయ్య. అండమాన్‌లో తాపీపని చేసేవాడు. ఏడాదికోసారి ఓడలో విశాఖపట్నం దిగి, బస్సు పట్టుకుని రావికమతం దగ్గరున్న మా ఊరు వచ్చేవాడు. రెండువేల సంవత్సరం దాటిన రోజులవి. నాకు పదేళ్లు.

వచ్చిన రోజు నుంచీ ఆయన్ని వదిలేదాన్ని కాదు. అక్కడ సముద్రం అడుగు కనిపించేంత తేటగా ఉంటుందట. గవ్వల్లో ఉండే జీవి చచ్చిపోయాక, ఆ ఖాళీ గవ్వల్లో పీతలు దూరి కాపురం చేస్తాయట. "ఒలే గుంటా, లోపల పాణమున్నది ఎప్పుడూ తియ్యకూడదు. అందరూ తీసుకుపోతే ఆ దీవికేటి మిగుల్తాది?" అనేవాడు.

నాకది వేదవాక్కు. ఆ ఏడు పూడిమడక సముద్రానికి వెళ్లినప్పుడు నాకో గవ్వ దొరికింది, అద్దంలా మెరిసిపోతూ. తిప్పి చూస్తే లోపల మెత్తగా ఏదో కదిలింది. స్నేహితురాళ్లు పడీపడీ నవ్వుతున్నా మళ్లీ నీళ్లలో వదిలేశాను. వదిలానే గానీ, ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మావయ్య ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసినప్పుడు కూడా ఏడ్చి, అంతకంటే పెద్దది, అలాగే మెరిసేది, ఖాళీది తెమ్మన్నాను.  చివరికి "అలాగేలే," అన్నాడు.

ఆ వేసవిలో వచ్చాడు. గవ్వేదంటే నాలుగు రోజులు ఆగమన్నాడు. ఆగితే కదా! మూడోనాడు పొద్దున్న పశువులశాల వెనక పేడ పోసే గెత్తం కుప్ప మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. పుల్లతో కెలికాను. గుడ్డలో చుట్టి పాతిన గవ్వ, నా పిడికిలంత. ముక్కు పగిలే కంపు. లోపల మాంసం ఇంకా ఉంది. దాన్ని శుభ్రం చెయ్యడానికి చీమలకి అప్పగించాడన్నమాట.

వెనక మావయ్య వచ్చి నిలబడ్డాడు.

"మావా, ఇది బతికుండగానే తీసేవా?"

ఆయన నేలకేసి చూశాడు. "ఖాళీవి అలా మెరవవే అమ్మా. ఒడ్డున పడి ఎండకి సున్నంలా అయిపోతాయి. మెరిసేదే కావాలని నువ్వు ఏడిసేవు. నేను సూడలేకపోయేను."

"మరి నాకెందుకు సెప్పేవు తియ్యకూడదని? నా గవ్వ నేను వొదిలీసేను కదా!"

మావయ్య వంగి, గవ్వని మళ్లీ గుడ్డలో చుట్టాడు.

ఎంత మండిపోయిందో నాకు! నమ్మించి గొంతు కోశాడనిపించింది. నా గవ్వని సముద్రానికి ఇచ్చేసింది ఆయన మాట మీదే కదా. ఆ మాటని ఆయనే తుంగలో తొక్కాడు. పైగా అడిగింది నేనే కాబట్టి, ఎవరికి చెప్పుకుని ఏడవను? ఆయన తిరిగి వెళ్లేరోజు అమ్మ తిట్టినా గడప దాటి బయటికి రాలేదు. తర్వాత చాలాసార్లు వచ్చాడు. సముద్రం కబుర్లు మాత్రం ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

అమ్మ ఆ గవ్వని కడిగి గూట్లో పెట్టింది. పెళ్లయ్యాక నా సామానుతో పాటు అదీ వచ్చింది. ఇన్నేళ్లయినా మెరుపు తగ్గలేదు. ఇప్పటికీ నిగనిగలాడే వస్తువేదైనా చేతికొస్తే, ఇది ఎక్కణ్ణించి తెచ్చారని అడగకుండా ఉండలేను. మా అమ్మాయి ఆ గవ్వని చెవికి ఆనించుకుని సముద్రం వినిపిస్తోందంటుంది, నన్నూ వినమని చేతిలో పెడుతుంది. చెవిదాకా పోనివ్వను. వాసన చూసి, ఇచ్చేస్తాను.